జంషెడ్జీ టాటా

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున ఖాజాగూడ అను ఊరు కలదు. ఒకప్పుడది చిన్న పల్లె. ఊరి ప్రక్కన కొండలు, కొండలపై ఒకదానిమీద ఒకటి నిలిచిన పెద్ద పెద్ద బండరాళ్లు, దిగువను చెరువులు, వాని క్రింద పొలములు. ఆ రాళ్లు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కొండమీద ఫక్రుద్దీన్ బాబా దర్గాయు, అనంతపద్మనాభస్వామి గుడియు నుండుటచే హిందువులును మహమ్మదీయులును ఆ కొండ నెక్కుచుందురు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన సమీపమునందలి మాదాపూరులో సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభమయ్యెను. అటుపిమ్మట ఆ ప్రాంతపు రూపమే మారిపోయెను. గుట్టలు పగిలినవి, పొలములున్న చోట అద్దాల మేడలు లేచినవి, దేశదేశముల కంపెనీలు వచ్చి చేరినవి. వేలకొలది యువతీయువకులు ప్రతిదినమును ఆ మేడలలో పని చేయుచున్నారు.

ఆ మేడల నీడలో పాత పల్లెవారు నేటికిని కాపురముండుచున్నారు. వారిలో కొందరికి కంపెనీల రాకవలన నేలకు వెల పెరిగి కలిమి కలిగెను. కౌలుకు దున్నినవారికి, పసుల మేపుకొన్నవారికి మాత్రము బ్రతుకుదెరువు మారిపోయెను. ఒక ఊరి నేలను, నీటిని, బాటను వాడుకొను సంస్థ ఆ ఊరివారికి ఏమి బాకీపడి యుండును? ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. దాదాపు నూటయేబది సంవత్సరములకు పూర్వమే మన దేశమున ఒక వ్యాపారి ఈ ప్రశ్నను తనకు తానే వేసికొని, దానికి జవాబు వెదకుచు తన జీవితము గడపెను. ఆయనయే జంషెడ్జీ టాటా.

జంషెడ్జీ 1839వ సంవత్సరము మార్చి 3వ తేదీన గుజరాతునందలి నవసారి పట్టణమున జన్మించెను. తండ్రి నసర్వాన్‌జీ, తల్లి జీవన్‌బాయి. వారు పార్శీలు. పూర్వకాలమున పారశీక దేశమును వీడి, మన పడమటి తీరమును చేరి, ఇచ్చటివారి ఆదరణతో స్థిరపడినవారే పార్శీలు. టాటా వంశమువారు తరతరములుగా అగ్నిని ఆరాధించు పురోహితులు. పౌరోహిత్యమును విడిచి ఆ వంశమున మొట్టమొదట వ్యాపారమున దిగినవాడు నసర్వాన్‌జీ. ఆయన బొంబాయి చేరి వర్తకము సాగించుచు, కుమారునకు పదునాలుగేండ్లు నిండగనే తనయొద్దకు రప్పించుకొనెను.

బొంబాయిలో జంషెడ్జీ ఎల్ఫిన్‌స్టన్ కళాశాలయందు చదివి 1858లో విద్య ముగించెను. పుస్తకములయందు ఆయనకు గల ప్రీతి కడవరకును తగ్గలేదు. చదువు ముగిసినంతనే తండ్రి వ్యాపారమున ప్రవేశించి, 1859లో హాంకాంగు వెళ్లి అచ్చట శాఖను నెలకొల్పుటకు తోడ్పడెను. పిమ్మట ఇంగ్లండు పయనమయ్యెను.

ఆ దినములలో అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచుండెను. అచ్చటి ప్రత్తి ఇంగ్లండునకు రాకపోవుటచే మన దేశపు ప్రత్తికి వెల ఆకాశము నంటెను. బొంబాయి వర్తకులు అప్పులు చేసి ప్రత్తి కొనిరి. 1865లో యుద్ధము ముగియగనే ధర ఒక్కసారిగా కూలిపోయెను. ఎందరో కుబేరులు ఒక్క రాత్రిలో బికారులైరి. టాటాలకును పెద్ద దెబ్బ తగిలెను. అప్పుడు లండనులో నున్న జంషెడ్జీ ముఖము చాటు చేయలేదు. అప్పిచ్చినవారి యెదుట నిలిచి, ఉన్న స్థితిని దాచక వివరించి, బాకీల పరిష్కారమునకు తానే పూనుకొనెను. ఆ నిజాయితీని చూచి అప్పులవారే ఆయనను విశ్వసించిరి. లెక్క యెదుట తల దాచుకొనరాదను ఆ పాఠము ఆయనకు జీవితాంతము తోడుగా నిలిచెను.

1868లో 29 ఏండ్ల వయస్సున జంషెడ్జీ 21,000 రూపాయల పెట్టుబడితో స్వంత వ్యాపారము ప్రారంభించెను. మరుసటి యేట బొంబాయిలోని చించ్‌పోక్లీయందు దివాలా తీసిన నూనె మిల్లు నొకదానిని కొని దానిని నూలు మిల్లుగా మార్చెను. అది లాభములో నడచుచుండగా రెండేండ్లకు అమ్మివేసెను. ఇంగ్లండులోని మాంచెస్టరు మిల్లుల రహస్యమేమో చక్కగా తెలిసికొని వచ్చి, మన దేశమున అంతకు తీసిపోని మిల్లును కట్టవలెనని ఆయన కోరిక.

ఆ కాలమున నూలు మిల్లులలో పెక్కు బొంబాయిలోనే యుండెను. జంషెడ్జీ మాత్రము మ్యాపు విప్పి మూడు వస్తువులకై వెదకెను. ప్రత్తి పండు నేల దగ్గరగా నుండవలెను. బొగ్గును నీటిని తెచ్చుకొనుటకు వీలుండవలెను. నేసిన బట్ట అమ్ముడు పోవు సంత సమీపమున నుండవలెను. ఈ మూడును కుదిరిన చోటు నాగపూరు. అచ్చట రైల్వేస్టేషనుకు చేరువలో చిత్తడినేల యొకటి దొరకెను. ఆ పల్లమును పూడ్పించుటకు ధనము నీళ్లవలె వ్యయమయ్యెను. మంచి బంగారమును మట్టిలో పోయుచున్నాడని తలచి ఒక షావుకారు అప్పు ఇచ్చుటకు నిరాకరించెననియు, మట్టిని పోసి బంగారమును తీసినాడని ఆ షావుకారే తరువాత ఒప్పుకొనెననియు చెప్పుదురు. విక్టోరియా రాణి భారత చక్రవర్తినిగా ప్రకటింపబడిన 1877 జనవరి 1వ తేదీన ఆ మిల్లు ప్రారంభమయ్యెను. అందుచే దానికి ఎంప్రెస్ మిల్లు అని పేరిడిరి.

మిల్లు కట్టుటకంటె దానిని నడపుట కష్టమని జంషెడ్జీకి త్వరలోనే తెలియవచ్చెను. నాగపూరు చుట్టుప్రక్కల వారికి కర్మాగారపు జీవితము కొత్త. వారు పొలములలో పొద్దును బట్టి పని చేసినవారు. ఇంటిలో మగ్గముపై తమ ఇచ్చవచ్చినప్పుడు నేసినవారు. గంట కొట్టగనే రావలెను, గంట కొట్టువరకు కదలరాదు అను కట్టడి వారికి మింగుడు పడలేదు. పండుగ వచ్చినను, పెండ్లి వచ్చినను, కొంత కూలి చేతిలో పడినను పని మానుచుండిరి. ప్రతిదినమును నూటికి 20 మంది వరకు రాకుండిరి. యంత్రములు ఊరక నిలిచిపోవుచుండెను.

ఆ కాలపు మిల్లు యజమానులకు ఇట్టి చోట తెలిసిన మందు ఒక్కటియే. జుల్మానా వేయుట, కూలి కోయుట, పనినుండి తొలగించుట. జంషెడ్జీ ఆ మార్గమును త్రొక్కలేదు. పనివాడు పనికి రాకుండుటకు కారణము సోమరితనమే యని ఆయన ఒప్పుకొనలేదు. మిల్లు వానికి పరాయి స్థలముగా తోచుచున్నది. రోగము వచ్చినను, చేయి విరిగినను, ముసలితనము పైబడినను మిల్లు తనను బయటికి నెట్టునని వాడెరుగును. అట్టి చోటిపై వానికి మమకార మెట్లు కలుగును? ఇట్లు ఆలోచించి జంషెడ్జీ మిల్లునే పనివారికి దగ్గర చేయ పూనుకొనెను.

భవిష్యనిధి నేర్పరచి, పనివాడు కొంత, మిల్లు కొంత దాచునట్లు చేసెను. 1886లో పింఛను నిధిని స్థాపించెను. 1895 నుండి పనిలో దెబ్బ తగిలినవారికి నష్టపరిహారము ఇచ్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. మిల్లు గదులలో గాలి ఆడునట్లు, ఉక్క తగ్గునట్లు, నిప్పంటుకొన్నచో పైనుండి నీరు కురియునట్లు పరికరములు తెప్పించి అమర్చెను. పరిశుభ్రమైన త్రాగునీటికి, వైద్యమునకు ఏర్పాట్లు చేయించెను. ఏడాది కొకమారు ఆటల పండుగ జరిపించి, పనివారిని వారి కుటుంబములతో ఆహ్వానించి బహుమతులు పంచిపెట్టించెను. కొంతకాలమునకు గైరుహాజరు తగ్గెను. పని నాణ్యత పెరిగెను. మిల్లు లాభములు మిక్కుటమయ్యెను.

ఈ యేర్పాట్లలో ఒక్కటియు నాడు చట్టము విధించినది కాదు. పనివారికి ప్రమాద పరిహారము చెల్లింపవలెనను చట్టము మన దేశమున 1923లో వచ్చెను. భవిష్యనిధి చట్టము స్వాతంత్ర్యానంతరము 1952లో వచ్చెను. చట్టము నడచిన దారిని జంషెడ్జీ కొన్ని దశాబ్దములు ముందుగా నడచెను. ఆయన దీనిని ధర్మకార్యముగా చాటుకొనలేదు. పెట్టుబడి పెట్టినవారి మేలు ఎట్లు చూచునో, పనివారి క్షేమమును అట్లే చూచుట వ్యాపారమునకు పునాది యని ఆయన నమ్మకము. పునాదికి పోసిన రాయిని ఎవరును దానమని పిలువరు.

కష్టములు ఆయనను విడువలేదు. 1886లో బొంబాయి చెంత కుర్లాలో మూతబడిన మిల్లు నొకదానిని చవుకగా కొని, దానికి స్వదేశీ మిల్లు అని పేరుపెట్టెను. యంత్రములు పాతవి, నూలు నాసిరకముగా వచ్చెను. వాటాల వెల పడిపోయెను. జంషెడ్జీ వెనుకంజ వేయక, తన ఎంప్రెస్ మిల్లు వాటాలను కొంతవరకు అమ్మి ధనము తెచ్చి, నాగపూరు నుండి నేర్పరులైన పనివారిని రప్పించి, ఆ మిల్లును నిలబెట్టెను.

సంపద పెరిగినకొలది ఆయన చూపు మిల్లు ప్రహరీని దాటి దేశమంతటను ప్రసరించెను. తెలివి యుండియు ధనము లేని విద్యార్థులు విదేశములలో ఉన్నత విద్య నభ్యసించుటకై 1892లో ఒక నిధిని నెలకొల్పెను. 1898లో ఒక గొప్ప విజ్ఞాన సంస్థ కొరకు బొంబాయిలోని తన భవనములు, స్థలములు పెక్కింటిని ఇచ్చుటకు సిద్ధపడెను. వాని విలువ సుమారు 30 లక్షల రూపాయలు; అది ఆయన ఆస్తిలో దాదాపు సగము. ప్రభుత్వము ఏండ్ల తరబడి తాత్సారము చేసెను. మైసూరు ప్రభుత్వము 371 ఎకరముల నేల నిచ్చి ఆదుకొనెను. 1909లో స్థాపింపబడిన ఆ సంస్థయే బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ. దానిని చూచు భాగ్యము జంషెడ్జీకి లేకపోయెను.

ఆయన కలలన్నింటిలో పెద్దది ఉక్కు కర్మాగారము. ఇనుము చేతబట్టిన జాతికి బంగారము వెంట నడచి వచ్చునను భావమును ఆయన యౌవనమున ఇంగ్లండులో కార్లైల్ మహాశయుని ఉపన్యాసమున వినెనని చెప్పుదురు. 1882లో చాందా జిల్లాలోని ఇనుపరాతిని గూర్చి జర్మను నిపుణు డొకడు వ్రాసిన నివేదిక ఆయన కంటబడెను. కాని అచ్చటి బొగ్గు పరీక్షలో పనికి రాదని తేలెను. గనుల నిబంధనలును అడ్డుగా నుండెను. పదునేడేండ్లు ఆ కోరికను మనస్సున దాచుకొని, 1899లో నిబంధనలు సడలగనే మరల పూనుకొనెను. అప్పటికి ఆయనకు అరువదియేండ్లు. ఆరోగ్యము అంతంత మాత్రము. అయినను 1902లో అమెరికా వెళ్లి, ఉక్కు కొలుములను తిరిగి చూచి, పెరిన్ అను ఇంజనీరును ఒప్పించి మన దేశమునకు రమ్మని ఆహ్వానించెను.

ఆ సంవత్సరముననే జంషెడ్జీ విదేశమునుండి తన పెద్దకుమారుడు దోరాబ్జీకి ఒక లేఖ వ్రాసెను. ఉక్కు కొలిమిని గూర్చి కాదు. కొలిమి చుట్టును వెలయబోవు ఊరిని గూర్చి. వీథులు వెడల్పుగా నుండవలెననియు, వానికి ఇరుప్రక్కల నీడనిచ్చు చెట్లు నాటవలెననియు, ఆ చెట్లలో సగము త్వరగా ఎదుగు జాతివిగా నుండవలెననియు ఆయన కుమారునకు సూచించెను. పచ్చికబయళ్లకు, తోటలకు స్థలము విడువవలెననియు, బాలురు బంతి ఆడుకొనుటకు విశాలమైన మైదానములు ఉంచవలెననియు, హిందువుల గుడికి, మహమ్మదీయుల మసీదుకు, క్రైస్తవుల చర్చికి ముందుగనే చోటు గుర్తించవలెననియు ఆదేశించెను.

ఈ లేఖ వ్రాసిన నాటికి కర్మాగారము లేదు. అది ఏ జిల్లాలో వెలయునో యెవరికిని తెలియదు. ఇనుపరాయియే ఇంకను దొరకలేదు. ఇల్లు కట్టుటకు స్థలము కొనకమునుపే ఆ వీథిలో ఆడుకొను పసిపిల్లలను గూర్చి ఆలోచించిన యజమాని వంటివాడు జంషెడ్జీ. ఎంప్రెస్ మిల్లున నేర్చిన పాఠము ఇచ్చట పరిపక్వమయ్యెను. కర్మాగారము ముందు వచ్చి, లాభము తరువాత వచ్చి, మిగిలినదానిలో ఊరికి కొంత విదల్చుట గాక, ఊరును కర్మాగారమును ఒకే కాగితముపై గీయవలెనని ఆయన తలంచెను.

1904 ఫిబ్రవరిలో ప్రమథనాథ బోసు అను భూగర్భశాస్త్రజ్ఞుడు మయూరభంజి సంస్థానమున గోరుమహిసాని కొండయందు మేలైన ఇనుపరాయి కలదని టాటా కంపెనీకి వ్రాసెను. కాని అప్పటికి జంషెడ్జీ చికిత్సకై ఐరోపాలో నుండెను. ఆ సంవత్సరము మే 19వ తేదీన జర్మనీలోని బాద్ నౌహైం పట్టణమున ఆయన కన్నుమూసెను. ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్ శ్మశానవాటికలో ఆయన సమాధి యున్నది.

తండ్రి విడిచిన పనిని దోరాబ్జీ తలకెత్తుకొనెను. 1907 ఆగస్టు 26వ తేదీన ఉక్కు కంపెనీ రిజిస్టరు చేయబడెను. లండనులో పెట్టుబడి దొరకకపోగా స్వదేశముననే వాటాలు అమ్మజూపిరి. అది స్వదేశీ ఉద్యమకాలము. మూడు వారములలో సుమారు 8,000 మంది భారతీయులు వాటాలు కొని కావలసిన ధనమును సమకూర్చిరి. సువర్ణరేఖా, ఖర్కాయీ నదులు కలియు చోటికి చేరువలో, అడవుల నడుమ నున్న సాక్చీ అను పల్లె కర్మాగారమునకు తగిన స్థలముగా నిర్ణయింపబడెను. 1912 ఫిబ్రవరి 16వ తేదీన అచ్చట మొదటి ఉక్కు దిమ్మె వెలువడెను. భారతీయులు రైలుపట్టాలు చేయగలిగినచో వానిని తానే తినెదనని ఒక రైల్వే ఉన్నతాధికారి ఎగతాళి చేసెనని ప్రసిద్ధి. మొదటి ప్రపంచయుద్ధమున ఆ పట్టాలే బ్రిటిషు సేనల నాదుకొనెను. అందులకు కృతజ్ఞతగా 1919 జనవరి 2వ తేదీన రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు ప్రభువు సాక్చీకి జంషెడ్‌పూర్ అని నామకరణము చేసెను.

కర్మాగారముతో పాటు ఊరును పెరిగెను. వెడల్పైన వీథులు, చెట్లు, మైదానములు, ఆసుపత్రి, బడులు, కుళాయి నీరు ఏర్పడెను. 1912లోనే అచ్చట ఎనిమిది గంటల పనిదినము అమలులోనికి వచ్చెను. పలు దేశములలో నాటికి అది లేదు. మన దేశమున వారమునకు 48 గంటలకు మించి పని చేయింపరాదను నియమము 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమున స్థిరపడెను. దేశము నలుమూలల నుండి పనివారు జంషెడ్‌పూరునకు తరలి వచ్చిరి. వారిలో మన తెలుగువారును ఉండిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి బెంగాలు నాగపూరు రైలుమార్గమున బయలుదేరి, ఖడ్గపూరునకు, జంషెడ్‌పూరునకు చేరి, కొలిమి వేడిమికి ఓర్చి బ్రతుకు తెరువు వెదకుకొనిరి. బిష్టుపూర్ పేటలో వారు కట్టుకొన్న రామమందిరము నేటికిని కలదు. గుడికి చోటు విడువవలెనని జంషెడ్జీ కోరిన ఊరిలో తెలుగువారి రాముడును కొలువుతీరెను.

ఇంతటితో కథ ముగించినచో అది సగము కథయే యగును. సాక్చీ జనులులేని అడవి కాదు. సంతాలులు, హోలు, భూమిజులు మొదలగు ఆదివాసులు అచ్చట తరతరములుగా కాపురముండిరి. అడవియే వారి గాదె. ఏరే వారి బావి. ప్రభుత్వము నేలను సేకరించి కంపెనీకి ఒప్పగించెను. చెట్లు ఎట్లు నాటవలెనో చెప్పిన లేఖలో, అంతకుముందు అచ్చట చెట్ల నీడన బ్రతికినవారి మాట లేదు. ఉండుటకు అవకాశమును లేదు, ఏలన స్థలమే తెలియదు. కాని స్థలము తెలిసిన పిమ్మట ఆ లోటును పూరింపవలసినవారు పూరింపలేదు. పాత ఊళ్లవారిలో పెక్కురు కొత్త నగరమున కూలివారుగా మిగిలిరి. నగరపు ప్రణాళిక కెక్కిన వీథులు చక్కగా నుండగా, ఆ గీతకు వెలుపల ఇరుకు బస్తీలు పెరిగెను.

పనివారికిని అన్నియు అడుగకయే లభింపలేదు. జీతములు చాలక, ధరలు మండిపోగా 1920లో వారు సమ్మె చేసిరి. కాల్పులు జరిగి కొందరు ప్రాణములు కోల్పోయిరి. 1922లోను, 1928లోను మరల సమ్మెలు జరిగెను. 1925లో గాంధీ మహాత్ముడు జంషెడ్‌పూరు వచ్చి కార్మికులకును యజమానులకును సామరస్యము కుదుర్చుటకు ప్రయత్నించెను. 1928 సమ్మెనాడు సుభాస్ చంద్ర బోసు వారి పక్షమున నిలిచెను. సంఘముగా కూడి అడుగు పనివారు, వినవలసిన యజమానులు, మధ్య నిలిచిన పెద్దలు, ఈ ముగ్గురును కలిసినప్పుడే ఆ ఊరిలో వాగ్దానము ఆచరణలోనికి వచ్చుచుండెను. ఒక మహాపురుషుని సంకల్పము విత్తనము వంటిది. దానికి నీరు పోయువారు, కలుపు తీయువారు తరువాతి తరములవారు. వారు మరచిన చోట పంట ఎండెను. గుర్తుంచుకొన్న చోట పండెను.

ఇప్పుడు మరల మన ఖాజాగూడకు వత్తము. 2013లో మన పార్లమెంటు చేసిన కంపెనీల చట్టమున 135వ విభాగము కలదు. అది 2014 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము ఏడాదికి 5 కోట్ల రూపాయలు గాని, అంతకు మించి గాని నికరలాభము గల కంపెనీ, లేదా 500 కోట్ల నికర ఆస్తి గాని, 1,000 కోట్ల వ్యాపారము గాని కలిగిన కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభమున నూటికి 2 వంతులు ప్రజాహితమునకు వ్యయము చేయవలెను. తాను పని చేయు ప్రాంతమునకు, దాని పరిసరములకు ప్రాధాన్య మీయవలెనని కూడ ఆ చట్టము చెప్పుచున్నది. బడికి గదులు, చెరువుకు గట్టు, ఆసుపత్రికి పరికరములు ఇట్టి ధనముతో నేడు పలు చోట్ల ఏర్పడుచున్నవి. ఇది మేలు. కాని జంషెడ్జీ జీవితము చదివినవారికి ఒక భేదము తోచకమానదు. ఈ 2 వంతులు లాభము వచ్చిన తరువాత తీసినవి; ఆయన తలంపు లాభమునకు ముందటిది. ఏడాది చివర బడికి రంగు వేయించుట సులభము. మేడకు పునాది త్రవ్వు నాడే వాననీరు ఏ చెరువునకు పోవునో, ఆ బాటన బడికి పోవు పిల్లలు ఎందరో, అచ్చట పసుల మేపుకొనువాడు రేపు ఏమి చేయునో విచారించుట కష్టము. ఆయన కోరినది ఆ కష్టమైన పనిని.

పొగగొట్టములు లేనంతమాత్రమున కంపెనీకి ఇరుగుపొరుగు లేకుండ పోదు. ఖాజాగూడ చెంతనున్న మేడలలో కొలుములు మండవు. కంప్యూటర్లు పని చేయును. అయినను ఆ మేడలకును నీరు కావలెను, నేల కావలెను, బాట కావలెను. ఊడ్చువారు, వండువారు, కావలి కాయువారు కావలెను. ఇవన్నియు చుట్టుప్రక్కల ఊళ్లనుండియే వచ్చును. కావున ఊరివారు కంపెనీ వాకిట నిలిచిన యాచకులు కారు, దానికి అప్పిచ్చినవారు. యౌవనమున లండనులో అప్పులవారి యెదుట తల దాచుకొనక లెక్క విప్పి చూపిన జంషెడ్జీ, నడివయస్సున నాగపూరు పనివారి యెదుట, వృద్ధాప్యమున ఇంకను పుట్టని యొక ఊరి యెదుట అట్లే లెక్క విప్పెను.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు అట్టి మేడలలో ఉద్యోగులగుదురు. కొందరు వానికి యజమానులును కావచ్చును. మరికొందరు వాని ప్రక్కనున్న ఊళ్లలోనే యుండి, తమ చెరువును తమ బడిని కాచుకొందురు. మేడ యెక్కినవారు కిటికీలోనుండి దిగువకు చూచి, అచ్చట ముందునుండి ఎవరున్నారో అడిగి తెలిసికొనవలెను. ఊరిలో నున్నవారు తమకు రావలసినదానిని వినయముతోను, ధైర్యముతోను అడుగవలెను. ఆ రెండును జరిగిన నాడు జంషెడ్జీ కుమారునకు వ్రాసిన లేఖ మన ఊళ్లకును చేరినట్లగును.